‘ఆమెన్’ ఎవరిది? — క్రైస్తవారాధనలో సామాన్య జనం

చర్చిలో ఆదివారంనాడు ఏం జరుగుతుందని ఎవరినైనా అడగండి. “పాదిరిగారు ప్రార్థన చేస్తారు, వాక్యం చెప్తారు, జనం కూర్చుని వింటారు” అని జవాబు వస్తుంది. ఈ జవాబులో పనిచేసేవాడు ఒక్కడే. తక్కినవారంతా వినేవారు. చర్చి చరిత్రలు కూడా చాలావరకు ఈ తీరులోనే నడిచాయి. పోపులు, బిషప్పులు, సంస్కర్తలు, మిషనరీలు కర్తలు. వారిముందు మోకరిల్లిన లక్షల జనం కర్మలు. చరిత్రలో పేరుకెక్కని చేతులను గురించి ప్రశ్నించడం శ్రీశ్రీ మనకు నేర్పాడు. ఆ ప్రశ్న కోటల గురించి, యుద్ధాల గురించి వేసిన మనం ఆరాధన గురించి ఎందుకో వెయ్యలేదు. మతం మనకు సరిపడని విషయం కదా అని వదిలేశాం.

వదలవలసిన విషయం కాదిది. ఆరాధన అనేది పదిమంది ఒకచోట చేరి, ఒక సమయానికి, ఒక క్రమంలో, గొంతులతోను చేతులతోను చేసే సమష్టి క్రియ. పాడేవారు లేకపోతే పాట లేదు. రొట్టె కాల్చినవారు లేకపోతే ప్రభుభోజనం లేదు. దీపం వెలిగించినవారు, చాప పరిచినవారు, బిడ్డను ఎత్తుకొని గుమ్మందగ్గర నిలబడిన తల్లి, వెనుక వరుసలో దగ్గుతూ వినే ముసలివాడు - వీరంతా కలిస్తేనే అక్కడొక వాతావరణం ఏర్పడుతుంది. అట్లా ఏర్పడినదాన్ని ఎవరు తమ సొత్తుగా చేసుకున్నారు, ఎవరిని గడప అవతల వుంచారు, వారు మళ్లీ లోపలికి ఎట్లా వచ్చారు? ఇది మతసమస్య అంతటితో ఆగదు. వర్గసమస్య, మన దేశంలో కులసమస్య కూడా.

తొలినాటి కూటాలు

ఆరాధన క్రమానికి క్రైస్తవులు వాడే ‘లిటర్జీ’ అనే మాట గ్రీకు ‘లైతూర్గియా’ నుంచి వచ్చింది. అందులో ‘ప్రజ’కు సంబంధించిన మాట ఒకటి, ‘పని’ అనే మాట ఒకటి వున్నాయి. దాన్ని “ప్రజలు చేసే పని” అని కొందరు వేదాంతులు ఉత్సాహంగా వ్యాఖ్యానిస్తారు. కాని ప్రాచీన ఏథెన్సులో ఆ మాటకు అర్థం వేరు. ధనికుడైన పౌరుడు తన ఖర్చుతో ప్రజలకోసం చేయవలసిన సేవను అట్లా పిలిచేవారు. నాటకపు పోటీలకు గాయకబృందాన్ని తయారుచేయించడం, యుద్ధనౌకను ఒక సంవత్సరంపాటు పోషించడం అలాంటివి. అంటే పెద్దవాడు ప్రజలకోసం చేసే పని. ప్రజలు చేసే పనా, ప్రజలకోసం మరొకరు చేసిపెట్టే పనా? రెండువేల సంవత్సరాల ఆరాధన చరిత్ర ఈ రెండు అర్థాల మధ్య పెనుగులాట.

క్రైస్తవుల కూటాలను గురించి బయటివాడు చెప్పిన తొలి సాక్ష్యాల్లో ఒకటి రోమను గవర్నరు ప్లినీ చక్రవర్తి ట్రాజనుకు సుమారు క్రీ.శ. 112లో రాసిన లేఖ. వీరు ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడతారనీ, ఒకరి తరువాత ఒకరుగా అందుకుంటూ క్రీస్తును గురించి పాట పాడతారనీ, తరువాత మళ్లీ కలిసి భోజనం చేస్తారనీ అందులో వుంది. నిజం రాబట్టడానికి తాను ఇద్దరు బానిస స్త్రీలను చిత్రహింస పెట్టించానని కూడా గవర్నరు ఏ సంకోచం లేకుండా రాశాడు. ఆ ఇద్దరినీ క్రైస్తవులు ‘సేవికలు’ అనే హోదాపేరుతో పిలుస్తారట! సామ్రాజ్యం దృష్టిలో కొరడా తప్ప మరే మర్యాదకూ నోచుకోని స్త్రీలు ఆ కూటంలో బాధ్యతగల పదవిలో వున్నారు.

తెల్లవారకముందే ఎందుకు? ఆదివారం అప్పటికి సెలవుదినం కాదు. యజమాని ఇంటిలో పనిచేసే మనిషికి తనదని చెప్పుకోదగిన వేళ అదొక్కటే. ఆరాధనకు మొదటి ముడిసరుకు కాలం. ఆ కాలాన్ని నిద్రలోనుంచి కోసి తెచ్చుకున్నవారు శ్రామికులు.

సుమారు 155లో జస్టిన్ అనే పండితుడు రోములో రాసిన సమర్థన గ్రంథంలో ఆదివారపు కూటం వివరంగా కనిపిస్తుంది. పట్టణంవారు, పల్లెవారు ఒకచోట చేరతారు. వేళ వున్నంతవరకు గ్రంథపఠనం. అధ్యక్షుడు నాలుగు మాటలు చెప్తాడు. అందరూ లేచి ప్రార్థిస్తారు. రొట్టె, నీళ్లు కలిపిన ద్రాక్షారసం తెస్తారు. అధ్యక్షుడు తన శక్తికొలదీ ప్రార్థన చేస్తాడు. జనం ‘ఆమెన్’ అంటారు. ఆమెన్ అంటే హీబ్రూలో ‘అట్లాగే అగుగాక’ అని జస్టినే అర్థం చెప్పాడు. రాలేకపోయినవారి వంతు ఇంటికి పంపుతారు. కలిగినవారు ఇచ్చిన చందా అనాథలకు, విధవలకు, రోగులకు, ఖైదీలకు, పరదేశులకు పోతుంది.

ఇక్కడొక చిన్న సంగతి గమనించాలి. అధ్యక్షుని ప్రార్థనకు స్థిరమైన మాటలు లేవు. ఆయనకు వచ్చినట్లు చేస్తాడు. స్థిరంగా వున్నది జనం పలికే ఆమెన్. మన పల్లెలో కథ చెప్పేవాడికి ఊకొట్టేవాళ్లు ఎంత అవసరమో, ఈ ప్రార్థనకు ఆమెన్ అంత అవసరం. అయితే ఊకొట్టడం కథ సాగడానికి. ఆమెన్ ఒప్పుకోలు ముద్ర. ముద్ర జనం చేతిలో వుంది.

దానికి నూరేళ్లముందే పౌలు కొరింథువారికి రాసిన లేఖలో ఈ హక్కు ప్రస్తావన వుంది. ఎవరికీ తెలియని భాషలో నీవు ప్రార్థిస్తే, కూటంలో కూర్చున్న సామాన్యుడు దానికి ఆమెన్ ఎట్లా అంటాడని ఆయన నిలదీశాడు. కూడినప్పుడు ఒకరు పాట, ఒకరు బోధ, ఒకరు మరొకటి తెస్తారని చెప్పాడు. అయితే కొరింథు సంఘాన్ని సమసమాజంగా ఊహించుకోనక్కరలేదు. కలిగినవారు ముందు వచ్చి కడుపునిండా తిని తాగుతున్నారనీ, పని ముగించుకొని ఆలస్యంగా వచ్చిన లేనివారు పస్తుంటున్నారనీ అదే లేఖలో తీవ్రమైన మందలింపు వుంది. స్త్రీలు కూటంలో మౌనంగా వుండాలన్న మాట కూడా అందులోనే వుంది. అవి తరువాతివారు చేర్చిన మాటలని కొందరు పరిశోధకుల అభిప్రాయం. ఏమైనా శతాబ్దాలపాటు స్త్రీల నోరు మూయించడానికి అవే అక్కరకు వచ్చాయి. ఆనాటి సమాజంలో వున్న వైరుధ్యాలన్నీ ఆ భోజనపు బల్లచుట్టూ కూర్చున్నాయన్నమాట.

అడ్డుతెర

313లో క్రైస్తవానికి సామ్రాజ్యంలో బహిరంగ స్వేచ్ఛ లభించింది. 321లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి ఆదివారం విశ్రాంతి దినమని శాసనం చేశాడు. న్యాయాధిపతులు, పట్టణవాసులు, చేతిపనులవారు ఆ రోజున పని మానాలి. కాని సేద్యం చేసేవారు మాత్రం పని చేసుకోవచ్చునని అదే శాసనం మినహాయించింది. అదను తప్పితే పంట పోతుందని కారణం చెప్పారు. రైతుకు దయతో ఇచ్చిన అనుమతిలాగా కనిపిస్తుంది. కాని పొలం తనది కాని పాలేరుకు ఆ మినహాయింపు అర్థమేమిటో వేరే చెప్పనక్కరలేదు.

ఇళ్లలో జరిగిన కూటం రోమను న్యాయసభల నమూనాలో కట్టిన పెద్ద మందిరాలలోకి మారింది. న్యాయాధిపతి కూర్చునే అర్ధవృత్తపు కొసలో ఇప్పుడు బిషప్పు ఆసనం. భాష కథ మరీ విచిత్రం. రోము సంఘం మొదట గ్రీకులో ఆరాధించేది. జనానికి గ్రీకు రాదు గనుక నాలుగో శతాబ్దంలో లాటినుకు మారింది. అంటే లాటిను వచ్చింది జనభాషగానే! కాలక్రమాన జనం భాషలు మారిపోయాయి. ఆరాధన మాత్రం లాటినులోనే గడ్డకట్టింది. నిన్నటి జనభాష నేటి పూజారి సొత్తు కావడం మనకు కొత్త విషయం కాదు.

మధ్యయుగాలలో పశ్చిమ ఐరోపా చర్చిలో గురువులుండే బలిపీఠపు భాగానికీ, జనం నిలబడే భాగానికీ మధ్య కొయ్యతోనో రాతితోనో అడ్డుతెర లేచింది. ప్రధానమైన ప్రార్థనను గురువు మెల్లగా తనలో తానే చదువుకునేవాడు. గంట మోగినప్పుడు జనం తల ఎత్తి చూడాలి. భోజనంగా మొదలైనది చూపుగా మారింది. ఏటా ఒక్కసారైనా రొట్టె పుచ్చుకొని తీరాలని 1215లో నాలుగో లాటరన్ సభ విధించవలసివచ్చిందంటే, జనం అంతకుముందు ఎంత దూరమైపోయారో తెలుస్తుంది. గిన్నెలోని ద్రాక్షారసం క్రమంగా గురువుకే పరిమితమైంది.

ఆ జనం నిజంగానే చేతులు ముడుచుకొని నిలబడ్డారా? లేదు. ఇంగ్లండులో బలిపీఠపు భాగాన్ని పోషించే బాధ్యత గురువుదైతే, జనం నిలబడే భాగాన్ని కట్టి, కప్పు వేయించి, మరమ్మతు చేయించే బాధ్యత ఊరి జనానిది. కొవ్వొత్తుల ఖర్చు వృత్తిసంఘాలు పెట్టుకునేవి. పండుగలకు నాటకాలు చేతిపనులవారే ఆడేవారు. ఖర్చు, శ్రమ, కళ జనానివి. మాట, గిన్నె గురువువి. భూస్వామ్యంలో పొలంమీద నడిచిన ధర్మమే మందిరంలోనూ నడిచింది.

గిన్నెకోసం యుద్ధం

ఒక గిన్నె ద్రాక్షారసంకోసం దేశమే లేచి యుద్ధం చేసిందంటే ఈనాడు నమ్మడం కష్టం. బొహీమియాలో అదే జరిగింది. ప్రాగు నగరంలో చెక్ భాషలో బోధ వినిపించడానికని 1391లో బెత్లెహేం మందిరం స్థాపించారు. యాన్ హుస్ అక్కడ బోధకుడు. జనం తమ భాషలో విన్నారు, తమ భాషలో పాడారు. 1415 జూన్‌లో కాన్‌స్టన్స్ సభ సామాన్యులకు గిన్నె ఇవ్వరాదని తీర్మానించింది. మరుసటి నెల 6న హుస్‌ను సజీవంగా దహనం చేసింది. అప్పటినుంచి గిన్నె హుస్ అనుచరుల జెండామీద గుర్తయింది.

పేద రైతులు, చేతిపనులవారు 1420లో తాబోర్ అనే పట్టణం నిర్మించుకొని తొలిరోజుల్లో సొత్తంతా ఉమ్మడి పెట్టెలో వేశారు. వారి ఆరాధనలో అలంకారపు వస్త్రాలు లేవు. చెక్ భాష వుంది, రొట్టెతోపాటు గిన్నె వుంది, పాట వుంది. ఆ పాటలు పాడుతూనే వారు యుద్ధానికి నడిచారు. గిన్నెను అందరికీ ఇవ్వాలన్న వాదనలో భూమిని గురించిన వాదన దాగివుందని ప్రభువులకు తెలుసు. అందుకే పరిష్కారం కూడా ఆ తీరులోనే వచ్చింది. 1434లో లిపానీ వద్ద మితవాదులైన హుస్ అనుచరులు కాథలిక్కులతో కలిసి తాబోర్ సైన్యాన్ని నాశనం చేశారు. 1436లో సామాన్యులకు గిన్నె ఇవ్వడానికి చర్చి ఒప్పుకుంది. గిన్నె దక్కింది, గిన్నె వెనుకవున్న కల ఓడిపోయింది.

తొంభై ఏళ్లు తిరగకముందే జర్మనీలో అదే ఘట్టం మళ్లీ జరిగింది. 1523లో థామస్ మున్‌జర్ ఆల్‌స్టెట్ అనే చిన్న పట్టణంలో సంపూర్ణ ఆరాధనక్రమాన్ని జర్మను భాషలో నడిపించాడు. లూథర్ జర్మను ఆరాధనక్రమం వెలువడింది 1526లో. చుట్టుపక్కల పల్లెలనుంచి, గనులనుంచి జనం ఆల్‌స్టెట్‌కు వెల్లువెత్తారు. మాన్స్‌ఫెల్ట్ ప్రభువు తన ప్రజలు అక్కడికి పోకూడదని నిషేధించాడు. పాట వినడానికి పోవద్దని ప్రభువు ఎందుకు నిషేధిస్తాడు? తమ గొంతు తాము విన్న జనం రేపు వేరే మాట కూడా పలుకుతారని ఆయనకు తెలుసు. 1525 రైతాంగ యుద్ధంలో ఆ మాట పలికారు. మున్‌జర్‌ను హింసించి శిరచ్ఛేదం చేశారు. ఎంగెల్సు 1850లో ఈ యుద్ధంమీద రాసిన గ్రంథం మన పాఠకులకు తెలిసినదే. అయితే ఆ తిరుగుబాటుకు ఒక పాఠశాల ఆదివారపు కూటమేనన్న సంగతి మనం తగినంతగా పట్టించుకోలేదు.

లూథర్ కూడా జనంచేత పాడించాడు. సంఘమంతా కలిసి పాడే పాట ప్రొటెస్టంటు ఆరాధనకు గుండెకాయ అయింది. కాని రైతులు లేచినప్పుడు ఆయన ప్రభువుల పక్షాన నిలిచాడు. దీనివల్ల ఒక పాఠం వస్తుంది. జనానికి గొంతు ఇచ్చినంతమాత్రాన అధికారం ఇచ్చినట్లు కాదు. కాని గొంతు లేకుండా అధికారం అడిగిన జనం ఎక్కడా లేరు.

వంచిన మోకాళ్లను లేపినవారు

భాష ఒకటే, పాట ఒకటే అయినా కూర్చునే చోటు వేరైతే? అమెరికాలో ఈ ప్రశ్న తలెత్తింది. పద్దెనిమిదో శతాబ్దం చివర ఫిలడెల్ఫియాలోని సెయింట్ జార్జి మెథడిస్టు చర్చిలో నల్లవారు మోకరించి ప్రార్థిస్తుండగా, వారికి కేటాయించిన చోటు అది కాదని చర్చి అధికారులు పట్టి లేపారు. ప్రార్థన ముగిసేదాకానైనా ఆగమన్నా వినలేదు. ప్రార్థన ముగిశాక రిచర్డ్ ఆలెన్, అబ్సలోం జోన్సు, వారి తోడివారు అందరూ కలిసి బయటికి నడిచిపోయారు. ఒకనాడు బానిసగా వుండి డబ్బు కట్టి విడుదలైన ఆలెన్ 1794లో బెతెల్ చర్చిని నెలకొల్పాడు. 1816లో అది ఒక స్వతంత్ర మతశాఖకు కేంద్రమైంది.

దక్షిణాది తోటలలో బానిసలకు ఆ మాత్రం అవకాశమూ లేదు. యజమాని ఏర్పాటుచేసిన ఆరాధనలో దొరకు లోబడాలన్న బోధ వినేవారు. రాత్రివేళ అడవిలో రహస్యంగా తమ ఆరాధన తాము చేసుకునేవారు. శబ్దం బయటికి పోకుండా మట్టుపెడుతుందన్న నమ్మకంతో కుండ బోర్లించి పెట్టుకునేవారని విముక్తులైన బానిసలు చెప్పుకున్న జ్ఞాపకాలలో వుంది. ఒకరు ఎత్తుకుంటే పదిమంది అందుకునే పాట, బోధకుని ప్రతి వాక్యానికీ కూటంనుంచి వచ్చే బదులు - ఈ పద్ధతి వారి చర్చిలలో నిలబడిపోయింది. అక్కడ ప్రసంగం బోధకుడొక్కడు తయారుచేసేది కాదు. జనం బదులు పలికేకొద్దీ ప్రసంగం వేడెక్కుతుంది. బదులు రాకపోతే ఆయనే దారి మార్చుకుంటాడు.

ఆ శిక్షణ ఎంత విలువైనదో 1955 డిసెంబరు 5న మాంట్‌గమరీలో తేలింది. బస్సులో సీటు వదలనన్న రోజా పార్క్సును అరెస్టు చేసిన నాలుగో రోజున హోల్ట్ స్ట్రీట్ చర్చి లోపల, వెలుపల వేలమంది కూడారు. మార్టిన్ లూథర్ కింగ్‌కు అప్పటికి ఇరవయ్యారేళ్లు. ఆయన ప్రసంగించాడు. కాని బస్సుల బహిష్కారం కొనసాగించాలని నిర్ణయించింది లేచి నిలబడిన జనం. వారు ఆనాడు పలికింది ఆమెనే. ఈసారి దాని అర్థం రేపటినుంచి నడిచి పోతామని. ఏడాదికి పైగా నడిచారు.

మన గడప

అమెరికాలో రంగు చేసిన పనిని మన దేశంలో కులం చేసింది. తిరునల్వేలి ప్రాంతంలోని వడక్కన్‌కుళం కాథలిక్కు చర్చి దీనికి రాతిసాక్ష్యం. వెల్లాలులు, నాడార్లు ఒకరినొకరు చూడకుండా ఒకే బలిపీఠాన్ని చూడగలిగేట్లు, 1872లో రెండు కాళ్ల పంట్లాం ఆకారంలో ఆ చర్చి కట్టారు. నడుమ గోడను 1910లో తొలగించినప్పుడు అగ్రకులంవారు కోర్టుకెక్కి ఓడిపోయారు. అంతకు చాలా ముందు 1833లో కలకత్తా బిషప్పు డేనియల్ విల్సన్ చర్చిలో కులభేదాలు పాటించరాదని లేఖ పంపితే, తంజావూరు, వేపేరి సంఘాలలో అగ్రకుల క్రైస్తవులు అనేకులు చర్చిని విడిచిపోయారు. దేవుణ్ణి వదులుకోవడంకంటె పక్కమనిషిని అంగీకరించడం కష్టమైంది.

తెలుగుదేశంలో ఈ కథ మరొక దారిన నడిచింది. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ పని ప్రారంభించినది 1866లో. ఒంగోలు క్రైస్తవోద్యమ చరిత్రను ఆయన పేరుతోనే రాస్తారు. కాని ఉద్యమాన్ని పల్లెలకు మోసుకుపోయినవాడు తాళ్లకొండపాడుకు చెందిన మాదిగ, తోళ్ల వ్యాపారి యెర్రగుంట్ల పేరయ్య. ఆయన క్రైస్తవుడు కాకముందే రాజయోగ మార్గంలో గురువులను ఆశ్రయించి నేర్చుకున్నవాడు. పనిపాటలు ముగిశాక రాత్రిపూట దీపంచుట్టూ చేరి, తత్వాలు పాడుకొని, మాట్లాడుకునే అలవాటు మాదిగపల్లెలలో అంతకుముందే వుంది. మిషనరీ వచ్చి శూన్యంలో కూటం కట్టలేదు; వున్న కూటంలోకి కొత్త మాట వచ్చింది. క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్-క్లౌ చెప్పులు కుట్టే వీరి జీవితంమీద 1899లో రాసిన పుస్తకం ఈ విషయాన్ని దాచకుండా చెప్తుంది.

క్రైస్తవులైనవారికి పెట్టిన నియమాలలో మూడు ముఖ్యమైనవి: ఆదివారం పని చేయరాదు, చచ్చిన గొడ్డుమాంసం తినరాదు, విగ్రహాలను కొలవరాదు. వినడానికి ఇవి మతనియమాలు. ఊరి కామందు చెవిలో మాత్రం వేరుగా మోగాయి. వెట్టికి పిలిస్తే రావలసిన మాదిగ వారానికొకరోజు రానంటున్నాడు. జాతరకు డప్పు కొట్టనంటున్నాడు. మునసబు కరణాలు ఊరుకుంటారా? కొట్టించారు, బావులు మూయించారు, తప్పుడు కేసులు బనాయించారు. సేద్యపు మనిషికి ఆదివారం లేదని కాన్‌స్టంటైన్ శాసనం చేసిన పదిహేను వందల ఏళ్లకు, ఒంగోలు తాలూకా మాదిగలు దెబ్బలు తిని ఆ దినాన్ని సంపాదించుకున్నారు. వారి ఆరాధనలో మొదటి ఘట్టం పాటకంటె ముందే, పనికి పోకుండా ఇంటిదగ్గర నిలబడినప్పుడే మొదలైంది.

ధాత కరువు (1876-78) రోజుల్లో క్లౌ బకింగుహాం కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ల పని కాంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలి కల్పించాడు. కూడుకోసం వచ్చారన్న మాట పడకూడదని కరువంతా బాప్తిస్మాలు ఆపాడు. తరువాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ అంకె ప్రపంచమంతా మోగింది. ఆనాడు నీళ్లలో నిలబడి బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరు వంతులవారీగా దిగారు. క్లౌ ఆ రోజున ఒక్కరికీ స్వయంగా ఇవ్వలేదు. ఈ సంగతి తెలిసినవారు తక్కువ. కర్త పేరు మనకు ఎట్లా మారిపోతుందో దీనికంటె మంచి ఉదాహరణ వుండదు.

ఇక పాట. బ్రాహ్మణ కుటుంబంనుంచి వచ్చిన పురుషోత్తమ చౌధరి (1803-1890) కీర్తనలు కర్ణాటక రాగాలలో రచించాడు. భాష సంస్కృతమయం. వాటిని మాలమాదిగ సంఘాలు సొంతం చేసుకున్నాయి. ఎట్లా? కీర్తనకు పల్లవి వుంది. చదువురానివారికి పల్లవి తలుపువంటిది. చదువు వచ్చినవాడు చరణం చెప్తే, అందరూ పల్లవి అందుకుంటారు. నాలుగు వారాలు గడిచేసరికి చరణం కూడా నోటికి వస్తుంది. వేదం వింటే చెవిలో సీసం పోయాలన్న ధర్మశాస్త్రాల నీడలో బతికినవారు దేవుణ్ణి గురించిన గంభీరమైన సమాసాలను నిండు గొంతుతో పాడడం చిన్న మార్పు కాదు. పాట అర్థం పూర్తిగా తెలియకపోయినా, దాన్ని పాడే అర్హత తనకున్నదన్న అర్థం మాత్రం పూర్తిగా తెలిసింది.

వడక్కన్‌కుళంలో గోడకు అవతల నిలబెట్టిన నాడార్ల కులంలో పుట్టినవాడే వి. ఎస్. అజరయ్య. 1912లో ఆయన ఆంగ్లికన్ చర్చిలో తొలి భారతీయ బిషప్పు అయి, దోర్నకల్లు కేంద్రంగా పనిచేశాడు. 1939లో అక్కడ ప్రతిష్ఠించిన మందిరంలో హిందూ, ముస్లిం శిల్పరీతులు క్రైస్తవ చిహ్నాలతో కలిసివున్నాయి. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. 1950లో ఆ సంఘం వెలువరించిన ప్రభుభోజన క్రమంలో రెండు విశేషాలున్నాయి. గురువు బల్ల వెనుక నిలబడి జనంవైపు ముఖం పెడతాడు. బల్లనుంచి ‘సమాధానం’ బయలుదేరి, ఒకరి చేతులనుంచి మరొకరి చేతులకు కూటమంతా పాకుతుంది. ఒకరి కుడి అరచేతిలో మరొకరు కుడి అరచేయి వుంచి, ఎడమచేత్తో మూయాలి. కేరళ సిరియను క్రైస్తవుల ఆచారంనుంచి దీన్ని తీసుకున్నారు. అంటరానితనాన్ని రద్దుచేసిన రాజ్యాంగం అమలులోకి వచ్చింది కూడా 1950లోనే. రాజ్యాంగం కాగితంమీద రాసినదాన్ని ఈ క్రమం చేతులకు అప్పగించింది. పక్కనున్నవాని చేయి పట్టుకోనిదే ఆరాధన ముందుకు సాగదు. తరువాతి కాలంలో అనేక దేశాల చర్చిలు తమ ఆరాధనలను సంస్కరించుకున్నప్పుడు ఈ క్రమాన్ని ఆదర్శంగా తీసుకున్నాయి. 1963 డిసెంబరులో కాథలిక్కు చర్చి సైతం రెండో వాటికన్ సభలో, ఆరాధనలో జనం పూర్తిగా, తెలిసి, చురుకుగా పాల్గొనాలని ప్రకటించి దేశభాషలకు తలుపు తెరిచింది. కొరింథు సామాన్యుని ఆమెన్‌కు అధికారముద్ర పడడానికి అంతకాలం పట్టింది.

లెక్క తేలనివి

ఇదంతా జయయాత్ర అనుకుంటే పొరబడతాం. ఆరాధనలో చేయి పట్టుకున్నవారు పెళ్లిసంబంధాలదగ్గర చేయి వదిలేసిన సందర్భాలు కొల్లలు. పల్లె సంఘాలను ఇల్లిల్లూ తిరిగి నిలబెట్టినవారిలో బైబిలు స్త్రీలది పెద్ద పాలు. చర్చి చరిత్రలలో వారి పేర్లు వెతుక్కోవాలి. చీపురు, దీపం, పాట స్త్రీలవి. బల్ల, వాక్యం పురుషునివి - ఈ పంపకం బహుకాలం చెక్కుచెదరలేదు. దక్షిణ ఇండియా సంఘం స్త్రీలకు గురుత్వాభిషేకం ఇవ్వడం మొదలుపెట్టింది 1976లో. ఒక స్త్రీ, ఎగ్గోని పుష్పలలిత, ఆ సంఘంలో తొలి మహిళా బిషప్పుగా నంద్యాలలో అభిషిక్తురాలు కావడానికి 2013 రావలసివచ్చింది. ప్లినీ చిత్రహింస పెట్టించిన ఆ ఇద్దరు సేవికలనుంచి లెక్కవేస్తే పంతొమ్మిది వందల సంవత్సరాలు!

జనం పాల్గొనడం దానంతటదే విముక్తి కూడా కాదు. వేలమంది ఒక్క గొంతుతో పాడే పాట ఆలోచనను లేపనూవచ్చు, జోకొట్టనూవచ్చు. ఏది జరుగుతుందో కొలవడానికి పౌలు ప్రశ్నే మంచి కొలత: ఆమెన్ అన్నవాడికి తాను దేనికి అన్నాడో తెలుసునా? కాదనడానికి కూడా అతనికి వీలుందా? కాదనే వీలులేని ఆమెన్ సమ్మతి కాదు, అలవాటు.

మార్క్సు నల్లమందు మాట మనందరికీ కంఠతా వచ్చు. ఆ మాటకు ముందువెనుకల పీడితుల వేదనను గురించి, హృదయంలేని లోకాన్ని గురించి ఆయన చెప్పినది మాత్రం తరుచు మరచిపోతాం. మరచిపోయి, మాదిగపల్లెలో ఆదివారం వినిపించే పాటను అజ్ఞానమని తోసిపుచ్చాం. ఆ పాట పాడడానికి వారు ఎవరితో తగాదాపడ్డారో, ఏ బావినీళ్లు పోగొట్టుకున్నారో అడగలేదు. అడిగివుంటే, ఆ పల్లెకు మనం పోయిన తీరు వేరుగా వుండేది.

చివరగా ఒక మాట మనకే చెప్పుకోవాలి. మన సభలను ఒకసారి తలచుకోండి. ఎత్తయిన వేదిక, దానిమీద పదిమంది వక్తలు, కింద మూడు గంటలపాటు కదలక కూర్చున్న జనం. వక్త భాష జనానికి సగం అందదు. చివర తీర్మానం చదువుతారు, చప్పట్లు మోగుతాయి. ఇది మధ్యయుగపు చర్చి కాదా? కొయ్యతెర లేదన్నమాటే గాని, తెర లేదా? ప్రజానాట్యమండలి బుర్రకథ పల్లెల్లో అగ్గి రగిలించినకాలంలో కథకుని పక్కన వంతలుండేవారు. ఎదుట ఊకొట్టే జనముండేవారు. కథ వారందరిదీ. ఆ బలం ఎక్కడినుంచి వచ్చిందో మనకు తెలుసు. ఎక్కడ పోగొట్టుకున్నామో కూడా తెలుసు.

గుండ్లకమ్మ ఒడ్డున నిలబడిన ఆ మాదిగలకు ఎవరూ ఉపన్యాసకళ నేర్పలేదు. తాము లేకపోతే ఆ కూటం లేదన్న సంగతి వారికి తెలుసు. మన సభకు వచ్చిన మనిషి ఆ సంగతి తెలుసుకొని ఇంటికి పోతున్నాడా? మనం వేసుకోవలసిన ప్రశ్న ఇది. దీనికి జవాబు వేదికమీదినుంచి రాకూడదు.